తడి తెలిపే దారం

"తడిసిందో లేదో చెయ్యి పెట్టి చూస్తే సరి, దానికి మళ్లీ మిషనెందుకమ్మా?" అంది అత్తయ్య. ఎవరి చెయ్యో ఆవిడ చెప్పలేదు, చెప్పనక్కర్లేదు కూడా. పక్షవాతం వచ్చినప్పటి నుంచి మామయ్యకు అన్నీ పక్కలోనే. పిలవాలంటే సిగ్గు, తడిలోనే పడుకుంటారు. నేను మాటిమాటికీ వెళ్లి దుప్పటి కింద చెయ్యి పెడితే మొహం గోడవైపు తిప్పుకుంటారు. నాకు చాకిరీ కంటే అది చూడటమే కష్టంగా ఉండేది.

లైబ్రరీ వెనక గదిలో ఎలక్ట్రానిక్ వస్తువులు తయారుచేసే పనిముట్లు ఎవరైనా వాడుకోవచ్చంటే శనివారం మధ్యాహ్నాలు వెళ్లడం మొదలుపెట్టాను. ఇంటి నుంచి ఫోనొస్తే మాత్రం సగం పని వదిలేసి పరుగెత్తాలి. అక్కడ వైర్లు అతికించడం నేర్పే ఆవిడను అందరూ సోల్డరింగ్ అక్క అంటారు. నేను ఇంజనీరింగ్ చదవలేదని నసిగితే, "కుట్టుపని వచ్చా?" అంది. కరెంటు పారే దారం ఒకటుందట! ఫోనుకు కబురు పంపే, అగ్గిపెట్టెలో పట్టే బోర్డు ఉందట. పక్క మీద పరిచే గుడ్డలో ఆ దారం రెండు వరసలు కుట్టాను. తడి ఆ రెండింటినీ కలిపితే ఫోను మోగాలి. మొదటిసారి మామయ్యకు చెమట పట్టినా మోగి ఇల్లంతా పరుగులు పెట్టించింది. వరసల మధ్య ఎంత ఎడం ఉంటే చెమటకు మోగదు? అంట్లు తోముతున్నా, బట్టలు ఆరేస్తున్నా అదే ధ్యాస. ఒక సంగతి తెలుసుకోవాలని ఇంత తహతహలాడి ఎన్నేళ్లయిందో. విప్పి మళ్లీ కుట్టాను. బోర్డుకు డబ్బా త్రీడీ ప్రింటర్‌లో పొర మీద పొరగా లేస్తుంటే కన్నార్పకుండా చూశాను.

"ఇక నీకు సుఖమే, ఎక్కడున్నా తెలిసిపోతుంది" అని మా ఆయన మెచ్చుకున్నారు. నేనూ మురిసిపోయాను.

మళ్లీ శనివారం బోర్డులోని ప్రోగ్రాం చూస్తూ అక్క అడిగింది. "ఇది ఎవరి ఫోన్లో మోగుతుంది?"

"నా ఫోన్లోనే" అన్నాను ఠక్కున.

"మరి నువ్విక్కడున్నప్పుడు?"

ఇన్ని ప్రశ్నలు వేసుకున్నదాన్ని, ఇదొక్కటి వేసుకోనేలేదు. ఇంత కష్టపడి, నన్ను పిలిచే గంటను నేనే చేసుకున్నానన్నమాట. ఒళ్లు మండింది, ఎవరి మీదో కాదు, నా మీదే. నంబరు మార్చడానికి ప్రోగ్రాంలో ఒక్క లైను చాలని ఆ రోజే తెలిసింది.

ఈ శనివారం నేను చెప్పులు వేసుకుంటుంటే మా ఆయన టీవీ ముందు నుంచి లేచి వచ్చారు.

"నీ మిషన్ పాడైనట్టుంది. నా ఫోన్లో మోగుతోంది."

"పాడవలేదండీ," అన్నాను. "మీ నాన్నగారి పక్క తడిసింది. ఉతికిన దుప్పట్లు బీరువాలో ఉన్నాయి."