పీట మీద కొలత

మా అక్కకి అరవయ్యో ఏట పెళ్లయింది. ఈ మాట చెప్పగానే నవ్వాలో, అయ్యో అనాలో తేలక ఎదుటివాళ్లు నా మొహం వంక చూస్తారు. నవ్వమనే చెబుతాను, నేనూ నవ్వాను కదా. గోడగడియారం బాగుచేయించుకొస్తానని వెళ్లిన మనిషి, నాలుగు నెలలు తిరక్కుండానే ఆ బాగుచేసే ఆయన్నే వెంటబెట్టుకొచ్చింది. యాభయ్యారేళ్లకి నాకో బావగారు దొరికారు. రిజిస్ట్రారు ఆఫీసులో సాక్షి సంతకం నాదే. తరవాత ఆయన దుకాణం ఎత్తేసి, ఆరు గంటల రైలు దూరంలో ఉన్న సొంత ఊరికి మకాం మార్చారు. ఆయన వెనకే అక్క.

వెళ్లేటప్పుడు గుమ్మంలో ఆగింది. "ఆ వంటిల్లు బాగుచేయించవే. ఆ పొగలో ఎన్నాళ్లు చస్తావు? అప్పుడొచ్చి నాలుగు రోజులుంటాను," అంది. ఆ నాలుగు రోజుల్ని నేను మనసులోనే నెలలు చేసుకున్నాను. కొత్త కాపురం కదా, సరదా తీరాక వచ్చేస్తుందిలే అనుకున్నాను. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది గానీ, అనుకున్న మాట నిజం.

మా ఇల్లు కట్టి నూరేళ్లు దాటింది. గోడలు మూరెడు మందం. వంటింట్లో మసిపట్టిన పొగగూడు, తలుపు వాలిపోయిన చెక్క అలమర, ముట్టుకుంటే వేలికి అంటుకునే జిడ్డు. పొయ్యి గట్టు మాత్రం అక్క తన మొదటి జీతంతో కట్టించింది, అదీ తన ఎత్తుకి. ఆవిడ ఆరడుగులకి రెండంగుళాలే తక్కువ. నేను ఐదడుగులు కూడా నిండను. అందుకని నాకో ఏడంగుళాల పీట చేయించింది. ముప్పయ్యేళ్లు అక్క పక్కన ఆ పీటెక్కి కూరలు తరిగాను. ఇద్దరం ఇంచుమించు సమానంగా ఉండేవాళ్లం, వంటింట్లో ఉన్నంతసేపు.

వచ్చిన మేస్త్రి పెద్దవాడు, మాట తక్కువ. రెండ్రోజుల్లో పాత గట్టు పగలగొట్టి, గోడలు గీకించాడు. తెలుపు కింద పసుపు, పసుపు కింద ఆకుపచ్చ, దాని కింద మాకు తెలియని నీలం బయటపడ్డాయి. మూడో రోజు ఎత్తు చూడ్డానికి ఇటుకలు వరసగా పేర్చి, వాటిమీద చెక్క వేశాడు. గట్టు ఎన్ని అంగుళాలు ఉంటుందని అడిగాను.

"అంగుళాలదేముందమ్మా, టేపు చెబుతుంది. ఎత్తు మాత్రం వండే మనిషి మోచెయ్యి చెప్పాలి. మోచేతికి బెత్తెడు కింద ఉంటే నడుం నొప్పి రాదు. ఇంట్లో వండేదెవరు?"

"నేనే."

"ఎంతమందికి?"

"ప్రస్తుతానికి ఒక్కదానికి," అన్నాను.

నిలబడి మోచెయ్యి మడవమన్నాడు. నిలబడ్డాను. పెద్దమనిషి, నన్ను తేరిపార చూడకుండా నా మోచేతి పక్కన గోడమీద పెన్సిలుతో గీత గీసి, కనబడేదానికన్నా పొడుగే మీరు అని వెళ్లిపోయాడు.

సాయంత్రం దుమ్ము ఊడుస్తూ చూస్తే ఆ గీత నా గుండెల దగ్గరుంది. నాకు అర్థం కావడానికి కాస్త పట్టింది. కొలత ఇచ్చేటప్పుడు పీటెక్కాను. ఎక్కానని నాకే తెలియదు. వంటింట్లో ఆ గోడవారన నిలబడ్డమంటే నా కాళ్లకి పీట ఎక్కడమే. నేలమీద జీరాడే అక్క పాత గౌను వేసుకున్నానేమో, దాని అంచు పీటని కప్పేసింది, ఆయనకీ కనబడలేదు. పడీపడీ నవ్వాను. నవ్వి, మేస్త్రికి చెబుదామని ఫోను తీశాను. రాయి పరిచేది మర్నాడు పొద్దున్నే.

చెప్పలేదు. ఆ గీత సరిగ్గా అక్క మోచేతి ఎత్తున ఉంది. అక్క వస్తే వంగక్కర్లేదు. ఇరవయ్యేళ్లుగా ప్రెస్సులో అచ్చుతప్పులు పట్టుకుని అందరి ప్రాణాలూ తోడేసే మనిషిని, నా ఇంటి గోడమీది తప్పుని మాత్రం తెలిసి తెలిసి వదిలేశాను.

పని పూర్తయింది. నల్లరాయి గట్టు, తెల్లటి పలకలు, పొగ లాగేసే ఫ్యాను. ఫొటో పంపితే అక్క బ్రహ్మాండంగా ఉందంది, నెలాఖరుకి వస్తానంది. అప్పటిదాకా పీటెక్కి ఒక్కదాన్నే వండుకున్నాను. ఒక్కరికి వండుకోవడమంత దిక్కుమాలిన పని ఇంకోటి లేదు. ఉప్పు ఎక్కువైందని దెప్పేవాళ్లయినా ఉండరు.

అన్నట్టుగానే నెలాఖరు మధ్యాహ్నం అక్క వచ్చింది. చేతిలో ఒక చిన్న సంచి. రెండు జతల బట్టలకి మించి పట్టదు అందులో. వంటిల్లంతా కలయతిరిగి, కుళాయి తిప్పి, రాయి నిమిరి మెచ్చుకుంది. ఇప్పుడు చాకు అడుగుతుంది, ఇప్పుడు గట్టు దగ్గర నిలబడుతుంది అని చూస్తున్నాను. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. రైల్లో కాళ్లకి నీరు పట్టిందని, నా పీట కాలితో లాగి పాదాలు దానిమీద పెట్టుకుంది. నీ చేతి టీ తాగి ఎన్నాళ్లయిందో, పెట్టవే అంది.

పీట లేకుండా నేలమీద నిలబడి పొయ్యి వెలిగించాను. గిన్నెలో ఏముందో కనబడలేదు. టీ పొంగి రాయిమీద పారాక తెలిసింది.

"ఇదేంటే, ఇంతెత్తు కట్టాడు? ఆ మేస్త్రికి బుద్ధుందా?"

"ఆయన తప్పేం లేదు. పీటమీద నిలబడి కొలతిచ్చాను."

అక్క నవ్వబోయింది. "మరి దించమనలేదా?"

"నీకు సరిపోతుందని."

అక్క పాదాలు పీట మీంచి తీసేసింది. లేచొచ్చి గుడ్డ తీసుకుని పొంగినదంతా తుడిచింది. ఎక్కడా వంగలేదు, గట్టు ఆవిడకి అతికినట్టు సరిపోయింది. తుడవడం అయిపోయాక కూడా తుడుస్తూనే ఉంది.

"నేనిక్కడికి వండడానికి రానే," అంది చివరికి, నా వైపు చూడకుండా. "నువ్వు పెడితే తినడానికొస్తాను. అక్కడ నేను బాగున్నాను. నిజంగానే బాగున్నాను. దీన్ని నీ ఎత్తుకి కట్టించుకో."

నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. అక్క నా తలమీద చెయ్యేసి నిలబడింది. రెండో రోజు బయల్దేరుతూ పీట అడిగి పట్టుకెళ్లింది. బావగారు పొట్టి, అక్క వంటింట్లో ఆయనకేదీ అందదట.

తరవాతి వారం మేస్త్రి వచ్చాడు. ఎందుకని ఒక్క మాట అడగలేదు. రాయి ఊడదీస్తుంటే ఒక పక్క విరిగింది. మళ్లీ ఇటుకలు పేర్చి, నిలబడమన్నాడు. నా కాలు గోడవారకి వెళ్లి వెతుక్కుంది. ఏమీ తగల్లేదు. చల్లటి నేలమీద రెండు పాదాలూ ఆనించి మోచెయ్యి మడిచాను.

గీత గీసి, విరిగిన రాయి వంక చూశాడు. "మిగిలిన ముక్క వేసేస్తే గట్టు పొడవు తగ్గుతుంది. పర్లేదా? ఎంతమందికన్నారు వంట?"

"ఒక్కదానికి," అన్నాను. ఈసారి 'ప్రస్తుతానికి' అనలేదు.