కోడుకు కట్టిన పేలిక

హుంగే మంచంపట్టిన వెంకమ్మ నడుం కింద చేతులు దూర్చి మెల్లగా కుడివైపు తిప్పింది. వీపుకు దిండు ఆనించి, మంచం ఎడమ కోడుకున్న పసుపు పేలిక విప్పి కుడి కోడుకు కట్టింది.

"ఊ... ఊ..." అంది వెంకమ్మ. పక్షవాతం మాటను తీసుకుపోయాక ఆమెకు మిగిలింది ఆ శబ్దం, ఆ కళ్లు. కళ్లు పేలిక మీదే ఉన్నాయి. పొద్దున్నే రోజూ అలాగే చూస్తుంది.

"నీ పాత చీరే పెద్దమ్మా. మిరప చేలల్ల కట్టేదానివి, యాదికొచ్చిందా?"

వెంకమ్మ కళ్ల చివర నీళ్లు దిగాయి. హుంగే కొంగుతో తుడిచింది.

వెంకమ్మను కొడుకు తెచ్చి ఉంచిన జగదల్‌పూర్‌లోని ఆ అద్దె గదికి ముగ్గురు ఆడవాళ్లు వచ్చిపోతుంటారు. పగలు హుంగే, రాత్రి కమ్లీ, వారానికోసారి పుండు కట్టు మార్చే సుశీల సిస్టర్. హుంగే మాట్లాడేవి దోర్లీ, తెలుగు. కమ్లీది హల్బీ. సిస్టర్‌ది హిందీ. పొద్దు గూకగానే హుంగే హోటల్లో గిన్నెలు తోమడానికి పోతుంది, కమ్లీ ఆ తర్వాతే వస్తుంది. తెల్లవారగానే మొదటి బస్సుకు వెళ్లిపోతుంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు సరిగా చూసుకున్నది లేదు. అందుకే హుంగే ఈ పద్ధతి పెట్టింది. రోగి ఏ పక్కకు తిరిగి ఉంటే ఆ పక్క కోడుకు పేలిక. తర్వాత వచ్చినవాళ్లు రోగిని రెండో పక్కకు తిప్పి, పేలికా మార్చాలి. వెన్ను చివర పుండు ఉంది కాబట్టి వెల్లకిలా పడుకోబెట్టడానికి లేదు. కమ్లీకి ముందు రాత్రిళ్లు వచ్చిన పొజ్జేకి ఇదంతా తెలుసు. వరికోతలకని పొజ్జే ఊరెళ్లింది, ఆమె బదులు కమ్లీ వచ్చింది.

అప్పటినుంచే ఎడమ తుంటి ఎర్రబడింది. తర్వాత నల్లబడింది. ఎందుకో హుంగేకు అంతుపట్టలేదు. ఎడమకు తాను ఒరిగించేది సాయంత్రం కాసేపే. పొద్దున వచ్చి చూస్తే మనిషీ ఎడమకే, పేలికా ఎడమకే. రాత్రంతా అటూ ఇటూ తిప్పి చివరికి ఎడమకు ఉంచారనుకునేది.

చింతలనార్ దగ్గరి తన ఊరు ఖాళీ అయ్యాక హుంగే అడవి దాటి తెలుగు ఊళ్లకు మిరపకోతలకు పోయింది. తెలుగు ముక్క రాదు. కారం అంటిన చేతులు రాత్రి నిప్పుల్లా మండుతుంటే, గుంపు మేస్త్రీ వెంకమ్మ మజ్జిగ గిన్నె తెచ్చి ఆ చేతులను అందులో ముంచింది. "కళ్లకు పెట్టుకోకే పిల్లా" అంది. హుంగే నేర్చిన మొదటి తెలుగు మాట అదే. మొగుడు పోయాక తనదని చెప్పుకోవడానికి హుంగేకు ఈ మనిషే మిగిలింది.

మధ్యాహ్నం సిస్టర్ వచ్చి దుప్పటి తీసింది. నల్లబడ్డ చోట చర్మం విచ్చుకుంది. ఒళ్లు కాలిపోతోంది.

"పగలంతా నిద్రపోతావా? ఒకే పక్కన పడేస్తే ఇట్లా కాక ఏమవుతుంది?" అని హుంగే మీద హిందీలో అరిచింది. గుమ్మంలో నిలబడ్డ వెంకమ్మ కొడుకు దుర్గేశ్ వైపు తిరిగి గొంతు తగ్గించింది. "విషం రక్తంలోకి పోయింది."

పెద్దాసుపత్రి వాళ్లు ఇంటికే పంపేసిన రోగి. దుర్గేశ్ ఆటో తాళంచెవి వేళ్ల మధ్య తిప్పుతూ నిలబడ్డాడు.

"రేపటి నుంచి వేరే మనిషిని చూస్తక్కా. ఏమనుకోకు."

"నేను తిప్పుతనే ఉన్న తమ్మీ. పేలిక చూడు."

"పేలిక ఏం చెప్తదక్కా!" అని అతను మందుల కోసం వెళ్లిపోయాడు.

హుంగే ఆ సాయంత్రం హోటల్‌కు పోలేదు. కుడి తుంటి కూడా కమిలిపోతుంటే, వేరే దారిలేక దిండు అడ్డంపెట్టి కొద్దిగా ఎడమకు ఒరిగించి, పేలిక మార్చింది. కాసేపటికి కమ్లీ వచ్చింది. చెప్పులు బయట విడిచి, కొంగు ముడిలోంచి బంతిపువ్వు తీసి పేలిక ముడిలో గుచ్చింది. చేతులు జోడించింది. మంచం పక్కన నేలమీద కూర్చుంది.

"తిప్పవా?" అని సంతలో నేర్చిన వచ్చీరాని హిందీలో అడిగింది హుంగే.

"ఎట్లా తిప్పను దీదీ? దేవుడి గుడ్డ ఇటు కట్టారు కదా. ముఖం దేవుడి వైపే ఉండాలి. నేను రాత్రంతా ఇట్లనే ఉంచుతా, ఒక్కసారీ కదల్చను." కమ్లీ గొంతులో భక్తి ఉంది, కాస్త గర్వమూ ఉంది.

రోజూ పొద్దున వెంకమ్మ ఆ పేలికనే చూసింది. ఊ, ఊ అని చెప్పింది. కన్నీళ్లతో చెప్పింది. తాను చీర ముచ్చట్లు చెప్పి ఆ కన్నీళ్లు తుడిచేసింది.

"అది దేవుడిది కాదు చెల్లీ. తిప్పమని గుర్తు."

హుంగే పేలిక విప్పింది. పువ్వు రెక్కలు రాలాయి. ఇద్దరూ చెరోవైపు పట్టి వెంకమ్మను కుడికి తిప్పారు. హుంగే అలవాటుగా పేలిక కుడి కోడుకు కట్టి, "ఊ" కోసం ఆగింది. రాలేదు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. మళ్లీ చూసింది.

దుర్గేశ్ మందుల సంచితో వచ్చి తల్లి పాదాల దగ్గర కూలబడ్డాడు. హుంగే జరిగింది చెప్పడానికి నోరు తెరిచింది. కమ్లీ ఆమెకేసి చూసింది. మాట లేని చూపు. అలాంటి చూపును హుంగే ఇన్నాళ్లూ అర్థం చేసుకోలేకపోయింది. ఇప్పుడు అర్థమైంది. నోరు మూసుకుంది.

జీపులో శవాన్ని ఊరికి తీసుకుపోయారు. హుంగేను ఎవరూ ఎక్కమనలేదు.

గదిలో వట్టి మంచం ఉంది. దాని కుడి కోడుకు పసుపు పేలిక, ముడిలో చిక్కుకున్న బంతిరెక్కతో, తర్వాత వచ్చే మనిషి కోసం బిగించి కట్టి ఉంది.