కుడివైపు పేజీ

నా కంటికి పొగరెక్కువ. ఇరవై రెండేళ్లుగా రంగుల మిల్లులో షేడ్లు కలుపుతున్నదానికి ఆ మాత్రం ఉండదా? కొనేవాళ్లు పంపిన గుడ్డముక్కనూ మేం రంగేసిన నూలునూ లైటు పెట్టె కింద పక్కపక్కన పెట్టి, రెండూ ఒకటేనో కాదో తేల్చాల్సింది నేను. నేను పాస్ అని రాసి సంతకం పెడితేనే సరుకు గేటు దాటుతుంది. యంత్రానికి అందని తేడా నా కంటికి అందుతుందని మేనేజరే ఓసారి పదిమందిలో అన్నాడు. ఆ మాటను నేను నెత్తిన పెట్టుకున్నాను. మా తమ్ముడు కూడా పెట్టుకున్నాడు. కొంప మునిగింది అక్కడే.

తమ్ముడు అదే మిల్లులో బాయిలర్ ఆపరేటరు. మిల్లంతా వాణ్ని పీపా అని పిలుస్తుంది. వాడికి ఆరేళ్లప్పుడు ఆ పేరు పెట్టింది నేనే. అమ్మ పోయాక పెంచింది నేను కాబట్టి, వాణ్ని తిట్టడానికీ వెక్కిరించడానికీ పూర్తి హక్కులు నావేనని నా నమ్మకం. పీపా నూట పన్నెండు కిలోలకు చేరాడు, దానికి తోడు షుగరు. బాయిలర్ దగ్గర పనిచేసేవాళ్లకు ఏటా వైద్య పరీక్ష ఉంటుంది. బరువూ షుగరూ తగ్గకపోతే ఈసారి సర్టిఫికెట్ ఇచ్చేది లేదని పోయినేడే తెగేసి చెప్పారు. అది లేకపోతే బాయిలర్ గదిలో కాలు పెట్టనివ్వరు. వాడికి వచ్చిన పని అదొక్కటే. పరీక్ష శుక్రవారం.

వాడికి దారి చూపించింది మా స్టోర్ కీపరు. నాలుగు నెలల్లో పద్దెనిమిది కిలోలు తగ్గి, ప్యాంటు జారకుండా చేత్తో పట్టుకుని తిరుగుతున్నాడు. అన్నం లేదు, రొట్టె లేదు, చక్కెర లేదు. గుడ్లు, మాంసం, వెన్న, ఆకుకూరలు. పిండిపదార్థం అందకపోతే ఒళ్లు తన కొవ్వును తానే కరిగించి వాడుకుంటుందట. అప్పుడు కీటోన్లు పుడతాయట, ఆ స్థితినే కీటోసిస్ అంటారట. మూత్రంలో ఓ కాగితం పట్టీ ముంచితే, కీటోన్లు పెరిగేకొద్దీ దాని రంగు లేత గులాబీ నుంచి ముదురు ఊదాకు తిరుగుతుంది. రంగు అన్న మాట చెవిన పడ్డాక నేను ఊరుకుంటానా?

మూడు వారాలపాటు ఇద్దరూ పొద్దున షిఫ్టు మొదలయ్యే వేళకు చిన్న సీసాలు చొక్కా కింద దాచుకుని, దొంగల్లా నా ల్యాబుకు వచ్చేవాళ్లు. పట్టీ ముంచి, పదిహేను లెక్కపెట్టి, లైటు కింద చూసేదాన్ని. తడి పట్టీ రంగు నిలవదు, గాలి తగిలితే మారిపోతుంది. అందుకని నూలుకు ఏం చేస్తానో దానికీ అదే చేశాను. ఆ క్షణంలో కనిపించిన రంగుకు సరిగ్గా కలిసే దారప్పోగును షేడ్ కార్డులోంచి తీసి, రిజిస్టరులో అంటించి, పక్కన తేదీ వేసి ఓ మాట రాసేదాన్ని. ఎడమ పేజీ స్టోర్ కీపరుది, కుడి పేజీ తమ్ముడిది. స్టోర్ కీపరు రంగు గులాబీ దగ్గర ఆగిపోయి ఇక కదల్లేదు. తమ్ముడిది ఒక్కరోజు తప్ప రోజూ ముదిరింది. కుడి పేజీలో భేష్ అని, శెభాష్ అని, స్టోర్ కీపరు దిగదుడుపే అని రాశాను. వాడు నా భుజం మీదుగా తొంగి చూసి ఆ మాటలు చదువుకుని, చిన్నపిల్లాడిలా నవ్వుకుంటూ పోయేవాడు.

షుగరు డాక్టరుకు ఈ సంగతి చెప్పి రానా అని తమ్ముడు మొదట్లోనే అడిగాడు. చెబితే వద్దంటాడు, ముందు తగ్గి చూపించు అన్నాను. ఆ మాట అన్నది నేనే. ఎవరి మీదా నెట్టడానికి లేదు.

గురువారం పొద్దున వాడు తెచ్చిన సీసాలో పట్టీ ముంచితే, నా కార్డులో ఉన్న ఆఖరి ఊదా దారం కూడా దానిముందు వెలవెలబోయింది. దగ్గర నిలబడితే వాడి నోట్లోంచి రంగు డబ్బా మూత తీసినప్పుడు వచ్చే థిన్నరు వాసనలాంటిది వస్తోంది. అది కొవ్వు కరుగుతున్న వాసన, మంచిదే అన్నాడు స్టోర్ కీపరు. కార్డు దాటింది, భేష్ అని రాశాను నేను.

పదకొండింటికి బాయిలర్ గదికి వెళ్లాను. స్టీము ఒత్తిడి పడిపోయి రంగు తొట్టె వేడెక్కడం లేదని దెబ్బలాడటానికి వెళ్లాను. తమ్ముడు గేజి కింద మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. కాళ్ల మధ్య బకెట్టు. అందులో కక్కుకున్నాడు. పెదాలు ఎండిపోయి తెల్లగా పొక్కులు కట్టాయి.

ఉత్త గ్యాసేనన్నాడు. రేపటి పరీక్ష అయిపోతే అన్నీ సర్దుకుంటాయన్నాడు. స్టోర్ కీపరు పరుగెత్తుకొచ్చి, ఇది మొదట్లో అందరికీ ఉండేదే, ఉప్పు నీళ్లు తాగితే పోతుందన్నాడు. తమ్ముడి సంచిలోని మిషనుతో వేలు గుచ్చి షుగరు చూశాం. నూట అరవై నాలుగు. తిండి మార్చకముందు మూడొందలు చూపించిన మిషను అది. ఆ అంకె చూసి నా ప్రాణం కుదుటపడింది. షుగరు మనిషికి షుగరు బాగుంటే ఇంకేం భయం అనుకున్నాను.

బయటికి రావాలని తిరిగాను. కానీ వాడి ఊపిరి చప్పుడు వినిపిస్తోంది. బాయిలర్ హోరులో కూడా వినిపిస్తోంది. మెట్లెక్కి వచ్చినవాడు కాదు, బరువు మోసినవాడు కాదు, కూర్చున్నచోటే రొప్పుతున్నాడు. అలవాటు కొద్దీ పట్టీకి లెక్కపెట్టినట్టే పదిహేను సెకన్లు లెక్కపెట్టాను. తొమ్మిదిసార్లు పీల్చాడు, ప్రతిదీ పొట్ట అడుగు నుంచి. నా ఊపిరి లెక్కపెట్టుకున్నాను. నాలుగు.

మా రంగుల విభాగంలో ఓ రూలుంది, పెట్టింది నేనే. షేడు కార్డు దాటిందంటే ఎంత అందంగా ఉన్నా సరే, తొట్టె ఆపేయాలి. ఎందుకు దాటిందో తేలేదాకా మళ్లీ మొదలెట్టకూడదు. కుర్రాళ్లు ఆ రూలు మరిచిపోతే చెడామడా తిట్టేదాన్ని. అలాంటిదాన్ని పొద్దున కార్డు దాటిన రంగు చూసి భేష్ అని రాశాను.

లే, ఆస్పత్రికి పోదాం అన్నాను. రానన్నాడు. రేపు పరీక్ష పెట్టుకుని ఇవాళ ఆస్పత్రిలో చేరితే ఉద్యోగం పోయినట్టేనన్నాడు. పోతే పోనీ అని జబ్బ పట్టుకుని లేపాను. మొన్నటిదాకా నూట పన్నెండు కిలోలున్న మనిషి నా చేతికి తేలిగ్గా వచ్చాడు, అది చూసి ఇంకా భయమేసింది. ల్యాబులోంచి రిజిస్టరు తీసి చంకన పెట్టుకున్నాను. మిల్లు వ్యాను తోలింది స్టోర్ కీపరే. దారిపొడుగునా, తనకేం కాలేదు కదా, ఇతనికెందుకు అవుతుందని అంటూనే ఉన్నాడు. నోరు మూసుకుని తోలమన్నాను.

ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరు నా కూతురి ఈడు పిల్ల. బయట ఇంకో ఇరవైమంది కూర్చుని ఉన్నారు. షుగరు చూస్తే నూట అరవై ఒకటి. పొట్ట నొక్కి చూసి, గ్యాస్ట్రిక్ అంది, వాంతులకు ఇంజెక్షన్ రాసి, సాయంత్రం దాకా తగ్గకపోతే తీసుకురమ్మంది. స్టోర్ కీపరు నావైపు, నేను చెప్పలేదా అన్నట్టు చూశాడు. తమ్ముడు అప్పటికే చెప్పులు వెతుక్కుంటున్నాడు.

నాకు ఒళ్లు మండింది. రిజిస్టరు తెరిచి ఆమె బల్ల మీద, మందుల చీటీల మీదే పెట్టాను.

"డాక్టరమ్మా, ఇది చూడకుండా మేం ఇక్కడ్నుంచి కదలం," అన్నాను.

ఏంటీ దారాలని విసుక్కుంది. చెప్పాను. ఏ దారం ఏ రోజుదో, పదిహేను సెకన్లకు ఎలా చూశానో, ఇవాళ కార్డు ఎలా దాటిందో చెప్పాను. ఆమె పెన్ను పక్కన పెట్టింది. ఎడమ పేజీ ఎవరిదని అడిగింది. స్టోర్ కీపరు చెయ్యెత్తాడు. నీకు షుగరుందా, మాత్రలేమైనా వాడుతున్నావా అంటే లేదన్నాడు. కుడి పేజీ మీద వేలు పెట్టి, ఇతనేం మాత్రలు వాడుతున్నాడని అడిగింది. తమ్ముడి సంచి బోర్లించాను. రెండు నెలల కిందట షుగరు డాక్టరు కొత్తగా రాసిన మాత్ర అట్ట దొరికింది. ఆమె ఆ పేరు చదివింది, తమ్ముడి ఛాతీని చూసింది, ఊపిరి లెక్కపెట్టింది. కుర్చీలోంచి లేచిన తీరులోనే నాకు సంగతి తెలిసిపోయింది.

ఆ తర్వాత ఇరవైమందీ ఆగిపోయారు. మణికట్టు దగ్గర నెత్తురు తీశారు, రెండు చేతులకూ సూదులు గుచ్చారు. కాసేపటికి కాగితం వచ్చింది. ఆమె దాన్ని చదివి, నన్ను గోడ దగ్గరికి పిలిచింది.

"రక్తం ఆమ్లంగా మారిపోయిందమ్మా. ఇంటికి పంపించుంటే సాయంత్రానికి స్పృహ తప్పేవాడు. ఆ తర్వాత నేను చెప్పలేను," అంది.

షుగరు బాగానే ఉంది కదా అని అడిగాను.

"మోసం చేసింది అదే. ఆ మాత్ర చక్కెరని మూత్రంలోకి తోసేస్తుంది, అందుకే నెత్తుట్లో అంకె బాగా కనిపిస్తుంది. లోపల ఇన్సులిన్ చాలక కీటోన్లు అదుపు తప్పిపోతాయి. మీ ఎడం పేజీ ఆయనకి ఇన్సులిన్ సరిపడా ఉంది, అదే కళ్లెం వేస్తుంది, అందుకే ఆ రంగు అక్కడే ఆగింది. ఈ మాత్ర వేసుకునేవాళ్లు డాక్టర్ని అడక్కుండా ఈ తిండి మొదలెట్టకూడదు. వాంతులవుతుంటే, తిండి మానేస్తే, మాత్ర వెంటనే ఆపి ఆస్పత్రికి రావాలి, షుగరు ఎంతున్నా సరే."

తర్వాత ఆమె తమ్ముడి మంచం దగ్గరికి వెళ్లి, ఆఖరిసారి ఎప్పుడు తిన్నావని అడిగింది. వాడు ఇటు తిరిగి నన్ను చూశాడు. కళ్లు దించుకున్నాడు. సోమవారం అన్నాడు. అప్పట్నుంచీ నీళ్లూ మాత్రలూ తప్ప ఏం ముట్టలేదట. గుడ్లు తినొచ్చు, మాంసం తినొచ్చు, మరి అన్నీ ఎందుకు మానేశావని ఆమె అడిగితే, నా చంకలోని రిజిస్టరు వైపు చూశాడు.

నేను రిజిస్టరులో సోమవారం నాటి పేజీ తీశాను. ఆ రోజు దారం ముందురోజు దారం కంటే కాస్త లేత. ఆదివారం మరదలు పోరు పడలేక రెండు ముద్దల అన్నం తిన్నానని వాడే చెప్పినట్టు గుర్తు. పక్కన నా చేతిరాత, ఎర్రసిరాతో: పలచబడింది. సిగ్గు లేదా.

డాక్టరు కూడా చదివింది. ఆ పిల్ల నన్ను ఏమీ అనలేదు. అనుంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. పెద్దగొంతుతో ఎదురు చెప్పి గొడవ పడేదాన్ని.

ఆ రోజంతా ఒక చేతికి ఇన్సులిన్, ఇంకో చేతికి చక్కెర నీళ్లు ఎక్కించారు. చక్కెర తగ్గించాలని మూడు వారాలు నానా పాట్లు పడ్డవాడికి చక్కెరే ఎక్కిస్తున్నారు. అలా ఇస్తేనే ఇన్సులిన్ ఇంకా ఇవ్వగలమని, ఇన్సులిన్ ఇస్తేనే కీటోన్లు దిగుతాయని నర్సు చెప్పింది. పట్టీ రంగును ఇప్పుడు నమ్మడానికి లేదని, కీటోన్లు నెత్తుట్లోనే చూడాలని గంట గంటకూ వేలు గుచ్చింది. ఐదు పాయింట్ ఎనిమిది అంది. ఐదు అంది. ఒక గంట మళ్లీ ఐదే అంది, ఆ గంట ఎలా గడిచిందో నాకే తెలుసు. స్టోర్ కీపరు బయట బెంచీ మీద ప్యాంటు పట్టుకునే కూర్చున్నాడు. మిల్లులో అందరికీ ఈ తిండి చెప్పానక్కా, ఎవరెవరు మాత్రలేసుకుంటున్నారో అడగనే లేదన్నాడు. వెళ్లి ఒక్కొక్కర్నీ అడుగు, ఫోన్ చేసి అడుగు అన్నాను. లేచి ఫోన్ తీశాడు.

శుక్రవారం తెల్లారింది. అవతల ఆ వైద్య పరీక్ష జరిగే వేళకు వాడి ఊపిరి మామూలుగా నడుస్తోంది. పదిహేను సెకన్లు లెక్కపెట్టాను. నాలుగు. మళ్లీ లెక్కపెట్టాను. నర్సు వేలు గుచ్చి, సున్నా పాయింట్ తొమ్మిది అని రాసుకుని వెళ్లింది.

వాడు ఆ మాట విని కళ్లు తెరిచాడు. తగ్గిందన్నది మాత్రం అర్థమైనట్టుంది. గొంతు ఎండిపోయి మాట సరిగా రావడం లేదు, అయినా పక్కకు తిరిగి నా మొహం చూస్తూ అన్నాడు.

"పలచబడిందా అక్కా? కోప్పడకు."

ఇరవై రెండేళ్లు మంచి సరుకేదో చెడ్డ సరుకేదో గీత గీసి చెప్పిన మనిషిని నేను. వాడి చెయ్యి తీసుకుని, సూది లేనిచోట చూసుకుని పట్టుకున్నాను.

"పలచబడిందిరా. పలచబడింది," అన్నాను.

మంచం పట్టెకు తల ఆనించి, వాడు చూస్తుండగానే ఏడ్చాను.