గుంజే బండి

"టైర్ల సందుల గూడ కడుగు పద్మా. మట్టి గనవడితే రేటు తగ్గిస్తరు."

గడపలో నిలబడి పళ్లు తోముకుంటూ శేఖర్ అన్నాడు ఆ మాట. పద్మజ అప్పటికి పికప్ వెనక సరుకు వేసే డాలాలో మోకాళ్ల మీద కూర్చుని, రేకుల సందుల్లో ఇరుక్కున్న దారపు పోగుల్ని చీపురుపుల్లతో తీస్తోంది. సిరిసిల్ల నుంచి గుడ్డ తానులు మోసే బండికి ఆ పోగులు తప్పవు. పుల్ల చేతిలోనే ఆగిపోయింది.

"రేటేంది?" అంది.

"చెప్పలే? బండి ఎక్స్ఛేంజ్‌ల పెడ్తున్నం. ఇయ్యాల జగిత్యాల షోరూంకు పోవాలె. నువ్వు గూడ నడువు, బండి నీ పేరు మీదున్నది గద." నోట్లో నురగ ఉమ్మేసి లోపలికి వెళ్లిపోయాడు.

చెప్పలేదు. కోరుట్లలో టీ కొట్టు దగ్గర చెప్పాడు, సిరిసిల్లలో తానులు ఎత్తే హమాలీలకు చెప్పాడు, తమ్ముడు సాయితేజకు ఫోన్‌లో చెప్పాడు. పెళ్లానికి మాత్రం బండి కడుగుతుంటే చెప్పాడు. మొన్న ఆదివారం ముందు గదిలో నలుగురు మగవాళ్లు కూర్చుని "గుంజుతదా, గుంజదా" అని పోట్లాడుకుంటుంటే చాయ్ అందించింది పద్మజే. ఎవరిదో బండి ముచ్చట అనుకుంది. చక్కెర తక్కువైందని ఒకాయన అంటే లోపలికి వెళ్లి చక్కెర కూడా తెచ్చిచ్చింది. తన బండిని వదిలించుకునే ముచ్చటకు తనే చాయ్ పోసిందని ఇప్పుడు తెలిసి ఆమెకు చెవులు వేడెక్కాయి, సిగ్గుతో. కోపం రావాల్సిన చోట ముందు సిగ్గే ఎందుకు తోసుకొస్తుందో, ఇంత వయసొచ్చినా ఆమెకు అంతు చిక్కలేదు.

శేఖర్ వాదన శేఖర్‌కుంది. మస్కట్‌లో ఆరేళ్లు పెద్ద ట్రైలర్లు తోలి వచ్చినవాడు, ఈ పికప్ అతని కంటికి ఆనడం లేదు. "గీ బండికి గుంజే బలం లేదు. వెనుక ట్రాలీ తగిలిస్తే చడావు మీద నిలవడ్తది. హైవే మీద దినాం ఎన్ని కార్లు ఖరాబైతున్నయ్! గవ్విటిని గుంజుకచ్చెటోడు కోరుట్లల లేడు. టెంట్‌హౌజోల్ల జనరేటర్లు గుంజొచ్చు. పెద్ద ఇంజను, వెనుక గట్టి హుక్కు, గట్లాంటి బండి గావాలె" అని ఆదివారం అందరికీ చెప్పిన మాటే చెప్పుల్లో కాళ్లు దూర్చుకుంటూ మళ్లీ చెప్పాడు. అది తప్పు ఆలోచనేమీ కాదు. నిండు లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఈ బండి రెండో గేరులో ఎట్లా రొప్పుతుందో పద్మజకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. పక్కన కూర్చోబెట్టి అడిగి ఉంటే ఆమె కూడా సరేననేదేమో. అడిగితే కదా.

బండి కొన్నది శేఖర్ మస్కట్ పోయిన కొత్తలో కాబట్టి కాగితాలు పద్మజ పేరు మీద అయ్యాయి. ఆ పేరుకు అంతకు మించి మర్యాదేం జరగలేదు. పూజకు కొండగట్టు తీసుకుపోయారు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాక ఎవరో ఒకరు స్టీరింగ్ ముందు కూర్చుని బండిని ముందుకు కదిలించాలి కదా, అత్త లచ్చవ్వ సాయితేజను ఎక్కమంది. అతనికి అప్పటికి మోటారు సైకిల్ తప్ప ఏదీ రాదు. "పేరు నాదే గద అత్తమ్మా, నేను కూసుంట" అని పద్మజ నవ్వుతూనే అంది. "పూజల ఆడిది స్టీరింగ్ కాడ కూసుంటదా పిల్లా! నువ్వు హారతి పళ్లెం వట్టుకో" అంది లచ్చవ్వ. చివరికి పక్క బండి డ్రైవరెవరో వచ్చి సాయితేజ చేతుల మీద చేతులు వేసి, బండిని జానెడు దూరం జరిపించాడు. నిమ్మకాయలు నలిగాయి. వీడియో కాల్‌లో శేఖర్ చప్పట్లు కొట్టాడు. హారతి పళ్లెం పట్టుకున్న యజమానురాలు ఆ వీడియోలో పడనే లేదు.

పెట్టుకున్న డ్రైవరు కొన్నాళ్లకే మానేశాడు. సిరిసిల్లలో లోడు పడి ఉంది, కోరుట్లలో దుకాణాల వాళ్లు ఫోన్ల మీద ఫోన్లు. అప్పటిదాకా పద్మజకు వచ్చిన పని బీడీలు చుట్టడం. పుట్టింట్లో మొదలైన పని, అత్తింటికీ వెంట వచ్చింది. ఒడిలో చాట, చాటలో తునికాకు, తంబాకు, వంచిన మెడ, వేళ్ల కొసలు అరిగి నున్నబడేదాకా. ఆ చాటను గూట్లో పెట్టేసి, మార్కెట్ యార్డు వెనక ఖాళీ జాగాలో మెకానిక్ లతీఫుద్దీన్ చాచాను బతిమాలుకుని బండి నేర్చుకుంది. లైసెన్సు తెచ్చుకుంది. ఇక తెల్లారకముందే వంట, అత్తకు మందులు, గిన్నెలు, ఆ తర్వాత కథలాపూర్, వేములవాడ మీదుగా సిరిసిల్ల. దారిలో మగ డ్రైవర్లు ఎక్కడంటే అక్కడ ఆపుకుంటారు. ఆమె ఆగే చోటు లేక నీళ్లు తాగడమే మానేసింది. తాడు బిగించడం, టార్పాలిన్ కప్పడం, తిరిగొచ్చి మళ్లీ పొయ్యి. "నీకేంది, కూసుండి తిరుగుతున్నవ్" అనేది లచ్చవ్వ. నిజమే, బండిలో కూర్చునే ఉండేది. ఆ కొన్ని గంటలే ఆమెను ఎవరూ పిలవని గంటలు. అద్దాలు దించుకుని తనలో తాను పైకే మాట్లాడుకునేది. అత్తకు ఇవ్వాల్సిన జవాబులన్నీ వేములవాడ రోడ్డు మీద ఇచ్చేసేది. అంత సుఖం ఆమె ఇంకెక్కడా ఎరగదు.

శేఖర్ ఓసారి సెలవు మీద వచ్చి వెళ్లాక నెల తప్పింది. మూడో నెలలో, లోడుతో తిరిగొస్తుంటే, వేములవాడ దాటాక నొప్పి మొదలైంది. సీటు తడిసిపోతోంది. బండిని తనే వెనక్కి తిప్పుకుని ఆస్పత్రికి పోయింది. ఆ సాయంత్రం మంచం మీద పడుకుని, పిండం నిలవలేదని ఫోన్‌లో చెబితే శేఖర్ అడిగాడు, "మరి లోడు ఎవలు దించిండ్రు?" ఆ తర్వాత బాగున్నావా అని కూడా అడిగాడు, కానీ ఆ మాట రెండోది. ఇంటికొచ్చాక లచ్చవ్వ తేల్చేసింది, "గా బండి కుదుపులకే కడుపు జారింది. ఇంజన్ వేడికి ఏం నిలుస్తది?" బండికీ దీనికీ సంబంధం లేదని డాక్టరమ్మ చెప్పింది. పద్మజ డాక్టరమ్మ మాట విన్నది, అత్త మాట నమ్మింది. రోడ్డు మీద గుంత వచ్చినప్పుడల్లా ఎడమ చేయి దానంతటదే కడుపు మీదకు పోయేది. కడుపులో ఏమీ లేకపోయినా పోయేది.

ఈ పొద్దున బండి కడుగుతుంటే లచ్చవ్వ వచ్చి పక్కన నిలబడింది. ముఖంలో పండగ. "పోనీ పిల్లా, గా పాడుబండి పోతెనన్న నా ఇంట్ల తొట్టె ఊగుతది" అంది. పద్మజ బకెట్‌లో నీళ్లు పారబోసింది.

శేఖరే స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. కోరుట్ల దాటేదాకా కూర్చున్నాడు. ఊరు దాటాక బండి పక్కకు ఆపి, నడుము పట్టుకుని దిగాడు. ఇది అతను తిరిగొచ్చినప్పటి నుంచీ నడుస్తున్న ఆచారం. ట్రైలర్లు తోలి తోలి అతని నడుము పోయింది, ఎక్కువసేపు కూర్చోలేడు. ఆ సంగతి లోకానికి తెలియకూడదు. అందుకని ఊరి పొలిమేరల మధ్య పద్మజ తోలుతుంది, ఊరొచ్చే ముందు దిగి, బండి ముందు నుంచి చుట్టూ తిరిగి వచ్చి పక్క సీట్లో కూర్చుంటుంది. మొదట్లో అతని నడుము మీద జాలితో చేసింది. ఒకరోజు వాన దంచుతున్నా అతను దిగమన్నాడు. తడిసి పక్క సీట్లోకి వచ్చి కూర్చుంటే, "సీటు తడుపుతున్నవ్" అన్నాడు. జాలి ఆ రోజుతో సరి.

ఇప్పుడు గేరు మార్చి, రోడ్డు మీదే చూపు పెట్టి, పొద్దుటి నుంచి గొంతులో ఉన్న ప్రశ్న అడిగింది. "కొత్తది నేను గూడ తోల్తనా?"

శేఖర్ ఫోన్ నుంచి తలెత్తాడు. "నువ్వు దేనికి?"

"సిరిసిల్ల లోడు ఎవలు తెస్తరు మరి?"

"గా పని బంద్. ఇగ గుంజే పనే. ఖరాబైన కార్లకు తాడు గట్టి హైవే మీద ఆడిది తిరుగుతదా? నలుగురు నా మొకం మీద ఉమ్మరా? ఇంట్ల ఉండు. అమ్మకు చాతనైతలేదు. చాట వట్టుకుని నాలుగు బీడీలు చేస్కో, కడుపు గూడ నిలుస్తది."

అతను కోపంగా అనలేదు. ఎంతో మేలు చేస్తున్నవాడిలా అన్నాడు. ఆ మంచితనానికే ఆమె ఒళ్లు చల్లబడింది. మెడ వంచి కూర్చున్న ఆ గోడ మూల, చాట, అత్త దగ్గు, తంబాకు ఘాటు, మళ్లీ ఆ ఒక్క కిటికీ. జగిత్యాల రాగానే అలవాటు ప్రకారం బండి ఆపి, దిగి, చుట్టూ తిరిగి వెళ్లి కూర్చుంది.

షోరూంలో కొత్త బండి ఎత్తుగా, తెల్లగా మెరుస్తోంది. శేఖర్ దాని వెనక్కి వెళ్లి హుక్కును కాలితో తన్ని చూసి మురిసిపోయాడు. పాత బండ్లకు ధర కట్టే ఆదిల్ అనే అతను, ముప్పై ఏళ్లుంటాయి, "పవర్ స్టీరింగ్ అన్నా, ఇంట్ల ఆడోళ్లు గూడ అల్కగ నడపొచ్చు" అన్నాడు.

"మా ఇంట్ల ఆడోళ్లకు గా అవుసరం లేదు తమ్మీ" అని శేఖర్ నవ్వాడు.

ఆదిల్ పాత బండి తీసుకుని బజారులో ఒక చుట్టు వేసి వచ్చాడు. వస్తూనే ముఖం వికసించి ఉంది. "ఒక్క చేతి బండి అన్నా ఇది! గేర్లు వెన్నలెక్క పడ్తున్నయ్. క్లచ్చు గింత గూడ అరగలే. ఇన్నేండ్ల బండి గిట్లుంటదా! ఎవలు నడిపిండ్రు?"

పద్మజ తలెత్తింది. ఆ ఇంట్లో ఆమె వంటను మెచ్చుకున్నవాళ్లు లేరు, బీడీలను మెచ్చుకున్నవాళ్లు లేరు. ఎవరో పరాయి మనిషి ఆమె చేతిని మెచ్చుకుంటున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నేనే" అన్నాడు శేఖర్. "ఇంకొగ చెయ్యి వడనియ్యలే."

అతను ఆమె వంక చూడను కూడా లేదు. దాచిపెట్టాలనీ, మాయ చేయాలనీ అన్న మాట కాదది. అంత సులువుగా వచ్చేసింది అతని నోటికి. అతని లెక్కలో ఆ ఆరేళ్లలో ఆమె లేదు. వేములవాడ రోడ్డు మీద తడిసిన సీటు లేదు. పద్మజకు అరవాలనిపించింది. కుర్చీలో కూర్చుంది.

ఆదిల్ చేతిలో పట్టేంత యంత్రమొకటి తెచ్చాడు. "అక్కా, బండి మీ పేరు మీదున్నది. ఆధార్‌కు వేలు వెట్టుండ్రి" అన్నాడు. ఆమె బొటనవేలు పెట్టింది. ఎర్ర లైటు వెలిగింది. చూపుడువేలు పెట్టింది, ఎడమచేతివి పెట్టింది, చీర కొంగుకు తుడుచుకుని మళ్లీ పెట్టింది. యంత్రం ఏ వేలినీ గుర్తుపట్టలేదు.

"బీడీలు జేసిండ్రా అక్కా? మా అమ్మీ వేళ్లు గూడ గిట్లనే. రేషన్ దుకాణంల నెలనెలా లొల్లే" అన్నాడు ఆదిల్ మెల్లగా.

"ఏం వేళ్లే నీయి! ఒక్కటన్న పనికొస్తదా?" అన్నాడు శేఖర్, నలుగురికీ వినబడేట్టు. పక్క బల్ల దగ్గర ఎవరో నవ్వారు.

"ఫికర్ లేదన్నా, అక్క ఫోనుకు ఓటీపీ వస్తది. గది చెప్తే అయిపాయె."

ఆమె చేతిలో ఫోన్ మోగింది. తెర మీద అంకెలు పడ్డాయి.

"చెప్పు" అన్నాడు శేఖర్.

ఆదిల్ కంప్యూటర్ మీద వేళ్లు ఆనించి ఆమె వైపు చూశాడు. పక్క బల్ల వాళ్లూ చూశారు. ఆమె నోరు తెరవాలని ఇంతమంది ఎదురుచూడటం పెళ్లయ్యాక ఇదే మొదలు. అంకెలు చిన్నవే, చదవడం కష్టమేం కాదు. చెబితే సాయంత్రానికి ఇల్లు చల్లగా ఉంటుంది. చెప్పకపోతే ఏమవుతుందో కూడా ఆమెకు తెలుసు. లచ్చవ్వ శాపాలు తెలుసు, శేఖర్ చేయి బరువు తెలుసు, పుట్టింటి నుంచి "సర్దుకో బిడ్డా" అని వచ్చే ఫోన్ తెలుసు. భయం లేదని ఆమె తనకు తాను చెప్పుకోలేదు.

"చెప్పవేందే? చదువత్తలేదా?" శేఖర్ ఫోన్ కోసం చేయి చాపాడు.

ఆమె ఫోన్‌ను తన వైపు తిప్పుకుంది. మాట్లాడింది మాత్రం ఆదిల్‌తో. "తమ్మీ, ఆరేండ్లు గీయన మస్కట్‌ల ఉన్నడు. బండి తోలింది నేను."

శేఖర్ ముఖం నల్లబడింది. "బయటికి నడువ్" అన్నాడు పళ్ల మధ్య నుంచి. ఆమె కదల్లేదు. గోడ మీద ఫ్యాను తిరుగుతోంది. తెర మీద అంకెల గడువు తీరిపోయింది.

ఆదిల్ ఒకసారి శేఖర్ వంక చూశాడు. తర్వాత కుర్చీ తిప్పి ఆమె వంక చూశాడు. "మళ్ల పంపాల్నా అక్కా?" అని ఆమెనే అడిగాడు.

"వద్దు తమ్మీ" అంది పద్మజ. "బండి నేను అమ్ముతలేను."