చెప్పని నుయ్యి

తోటలో కంప కొట్టడానికి అంతకు ముందు వచ్చిన ఇద్దరికీ నుయ్యి సంగతి చెప్పాను. రేపొస్తామని వెళ్లి ఇద్దరూ మళ్లీ రాలేదు. అందుకని సూరయ్యకు చెప్పలేదు.

చీపురుపల్లి స్టేషనుకు అవతల ఈ తోట కొని ఏడాదైంది. అమ్మిన బట్టల కొట్టు నారాయణమూర్తి, సంతకాలయ్యాక చెప్పాడు: లోపలెక్కడో గట్టు కూలిన పాత నుయ్యి ఉందట. పశువులు పడకుండా వాళ్ల తాత దాని మీద రేగుకంప వేయించాడు. ఇక్కడ అందరూ చేసే పనే. ఆ కంపకున్న కాయలు రాలి మొలిచి, ముప్పై ఏళ్లలో తోటంతా కంపే అయింది. నుయ్యి ఎటువైపో ఆయనకూ గుర్తు లేదు.

సూరయ్య పొద్దున్నే దిగాడు. పంగల కర్రతో కంపను అణచి, కత్తితో కొట్టి, కొట్టినదాన్నే కాళ్ల కింద పరుచుకుని, టైరు చెప్పులతో దాని మీద నిలబడి ముందుకు పోతున్నాడు. అతని పాదాలు నేలను తాకడం లేదు.

దిగే ముందు పాములుంటాయా అని అడిగాడు. ఉండొచ్చన్నాను. ఆ ఒక్క నిజం చెప్పినందుకు నాకు కాసేపు ఊరటగా కూడా ఉంది.

గేటు దగ్గర కుర్చీలో కూర్చున్నాను. అతను వేసే ప్రతి అడుగుకూ నా అరికాళ్లు ముడుచుకుంటున్నాయి. నుయ్యి పూడిపోయి ఉంటుందనుకున్నాను. ఇంకో మూల ఉంటుందనుకున్నాను. ఇప్పుడు చెబితే ఇంతసేపూ ఎందుకు దాచారంటాడనుకున్నాను. నన్ను కుర్చీలోంచి లేవనివ్వనిది ఈ చివరి ఆలోచనే. అది తెలిశాక నుయ్యి కంటే నేనంటేనే ఎక్కువ భయం వేసింది.

తోట నడుమ అతని కాలు మోకాలి దాకా దిగబడింది. నవ్వుతూ లాక్కుని, పరుపు మీద నడిచినట్టుందన్నాడు.

"సూరయ్యా, కదలకు. అక్కడెక్కడో నుయ్యుంది."

కత్తి ఎత్తిన చెయ్యి అలాగే ఆగింది. మెల్లగా వెనక్కి చూశాడు. తొక్కిన కంప మళ్లీ పైకి లేచి, అతను వచ్చిన దారిని మూసేసింది.

"ఎప్పుట్నించి తెలుసు బాబూ?"

చెప్పాను. నిచ్చెన తెస్తానన్నాను. పక్కవాళ్లను పిలుస్తానన్నాను. అతను తిట్టలేదు.

"ఎవుల్నీ పిలవొద్దు. మీరే రండి. మీరు అడుగేసిన సోటే నాను ఏస్తాను."

కంపలోకి దిగాను. మొదటి అడుగు నిలిచింది. రెండోదానికి కాలెత్తి, ఎక్కడ పెట్టాలో తెలియక ఆగాను. సూరయ్య నా ముఖం వైపు చూడడం లేదు. ఆ కాలినే చూస్తున్నాడు.