మొదటి పాలు

"నాలుగు కొబ్బరికాయలు కోరవే రాహేలూ. చందువా చేప ముక్కలు మరీ పల్చగా కొయ్యకు. పదింటికి గెస్టులొస్తారు," అన్నాడు మా ఆయన తొమ్మిచ్చన్, ఇస్త్రీ పంచె అద్దంలో చూసుకుంటూ.

కేరళలో, కుట్టనాడులో కాలువ పక్కన మా ఇల్లు. గెస్టులకు నాలుగు గదులు, వాళ్లకు వంట నేర్పడానికి ముందు ఒక పందిరి. దానికి 'తొమ్మిచ్చన్ వంటిల్లు' అని బోర్డు, బోర్డు మీద గరిటెతో ఆయన బొమ్మ. కాయలు కొట్టి కోరేది నేను. ఆ కోరు పిండి చిక్కటి మొదటి పాలు, పల్చటి రెండో పాలు విడివిడిగా తీసేది నేను. పొలుసు గీకి, ముక్కలకు పసుపూ మిరియాలూ పట్టించి, అల్లం తరిగి, పచ్చిమిర్చి చీల్చి గిన్నెల్లో సర్దేదీ నేనే. ఆయన వచ్చి గిన్నెల్లోవి మట్టిచట్టిలో వేస్తాడు. దానికి చప్పట్లు! మా అత్తగారైతే "మగాడు గరిటె పట్టాడంటే నీ అదృష్టం పిల్లా" అంటుంది. ఆ అదృష్టానికి నా వేళ్ల సందులు ఒరిసిపోయాయి.

రెండో పాలలో చేప ఉడికాక మొదటి పాలు పోస్తాం. ఆ తర్వాత కూర తెర్లకూడదు. మంట తగ్గించి, అంచుల్లో ఆవిరి కనబడగానే దించెయ్యాలి. అదెప్పుడో పద్నాలుగేళ్లయినా ఆయనకు తెలియదు. అందుకే నేను గుమ్మంలో నిలబడి చిన్నగా దగ్గుతాను. ఆయన మంట తగ్గిస్తాడు.

ఆ రోజు ఆరుగురు తెల్లవాళ్లొచ్చారు. ఒక పెద్దావిడ నన్ను చూపించి, "ఈవిడెవరు?" అని అడిగింది.

"సాయానికి ఉంటుంది," అన్నాడాయన. తడుముకోనైనా లేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇద్దరు పిల్లల్ని కన్నదాన్ని, మంచాన పడ్డ మామగారికి మూడేళ్లు చేసినదాన్ని, సాయానికి ఉన్నానా? ఇన్నేళ్ల కాపురం తర్వాత నాకో పేరుందని కూడా ఈ మనిషికి గుర్తు రాలేదా? ఈలోగా ఆయన మొదటి పాలు పోసి నావైపు చూశాడు. దగ్గుదామనే అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను. కానీ దగ్గలేదు. కూర కుతకుతా ఉడికి పాలు విరిగిపోయాయి. నూనె ఒకవైపు, పలుకులు ఒకవైపు తేలాయి.

ఆయన గెస్టులవైపు తిరిగి నవ్వాడు. "మురిగిన కాయలు కోరినట్టుంది. ఏం చేస్తాం, పనివాళ్లతో ఇదే బాధ."

ఒక్కొక్క కాయా వాసన చూసి మరీ కోరాను! గిన్నె అడుగున మిగిలిన మొదటి పాలు తీసుకెళ్లి ఆ పెద్దావిడ చేతికిచ్చాను. ఆమె ఒక గుక్క తాగి, "తియ్యగా ఉన్నాయే!" అంది.

"కాయలు మంచివేనమ్మా," అన్నాను, నాకొచ్చిన ఇంగ్లీషులో. "మంట తగ్గించలేదు. రోజూ నేను దగ్గితే ఈయన తగ్గిస్తారు. ఇవాళ నేను దగ్గలేదు. నా పేరు రాహేల్. ఈయన భార్యని."

ఆయన మొహం కందగడ్డయింది. "లోపలికి పోవే," అన్నాడు మా భాషలో, పళ్లు బిగబట్టి. "నలుగురిలో నా పరువు తీస్తావా?"

నేను ఆయన చేతిలోని గరిటె తీసుకున్నాను.

"ఇంకో నాలుగు కాయలు కావాలండీ. వెనక వరండాలో ఉన్నాయి. మీరెళ్లి కోరుతూ ఉండండి, ఈలోగా నేను వీళ్లకు పాఠం చెబుతాను."