సబ్బు పుస్తకం కడుపుమంట

నేను ఒక సబ్బు పుస్తకాన్ని. నవ్వకండి. సబ్బుతో చేసిన పుస్తకాన్ని కాదు, సబ్బు చెయ్యడం నేర్పే పుస్తకాన్ని. బూడిదరంగు అట్ట, నూట పన్నెండు పేజీలు. రాజమండ్రిలో ఒక అచ్చాఫీసులో పుట్టాను. అంచులు కోసే మిషను దగ్గర నా వంతు వచ్చేసరికి అక్కడి మనిషికి టీ వచ్చింది. ఒక చేత్తో గ్లాసు, ఒక చేత్తో నేను. ఆ హడావుడిలో నా నడిమధ్య ఒక మడతకు కోత పడలేదు. రెండు కాగితాలు పైనా పక్కనా అతుక్కుని, కింద మాత్రమే నోరున్న సంచీలా మిగిలిపోయాయి. ఆ సంచీలోనే నా ప్రాణం ఉంది. ఏ నూనెకు ఎంత కాస్టిక్ సోడా కలపాలో చెప్పే పట్టిక అది.

నన్ను చింతాలంక శాఖా గ్రంథాలయానికి పంపారు. అక్కడ నా పక్కన ఎవరిని పెట్టారనుకున్నారు? ఎర్రంచు అట్ట మీద విరబోసుకున్న జుట్టుతో ఓ అమ్మాయి బొమ్మ ఉన్న లావుపాటి నవలని. అది అరలో కూర్చున్న రోజు నాకు గుర్తు లేదు. పొద్దున వచ్చేది, సాయంత్రానికి మరొకరి చంకలో ఉండేది. దాని వెనక గడువు చీటీలు ఒకదాని మీద ఒకటి అంటించీ అంటించీ అదే ఒక చిన్న పుస్తకమైంది. నా చీటీ మీద పదిహేనేళ్ళలో రెండే ముద్రలు. అందులో ఒకటి గ్రంథపాలకుడు అవతారం గారు సిరా ఉందో లేదో చూసుకోవడానికి వేసింది.

అది ఇంటింటికీ తిరిగి పసుపు మరకలు, పులుసు మరకలు, కన్నీటి చుక్కలు అంటించుకుని వచ్చి, "అబ్బా, తిరగలేక చస్తున్నాననుకో" అని మూలిగేది. నాకు కడుపులో సోడా కాగేది. ఆఖరికి పురుగులక్కూడా నేను లోకువే. ఒక వెండిపురుగు నా మూల కాస్త కొరికి చూసి, "క్షమించండి, పొరపాటున వచ్చాను" అని నవల వైపు నడిచి వెళ్ళింది. వరద వచ్చిన ఏడు అవతారం గారు నడుంలోతు నీళ్ళలో నవలల్నే ముందు మోశారు. నేను మాత్రం తెప్పలా తేలి, గదంతా మూడు చుట్లు ఈది, ఎవరి సాయం లేకుండా పై అరకెక్కి కూర్చున్నాను. నమ్మకపోతే ఆ వెండిపురుగునే అడగండి.

అలాంటి రోజుల్లో కడలి చంద్రకాంతం వచ్చింది. కొబ్బరి పీచు కొట్టే యార్డులో కూలి. ఆ దుమ్ముకు దగ్గు పట్టుకుంటే పని మానెయ్యమన్నారు. మొగుడు చెట్టు మీంచి జారి నడుం విరిగి మంచాన ఉన్నాడు. పెరట్లో నాలుగు కొబ్బరిచెట్లు ఉన్నాయి. ఆ నూనెతో ఏదైనా చేసి బతకాలని ఆమె ఆలోచన.

"అవతారం గారండీ, బట్టల సబ్బు చేసుకునే ఇదానం ఎక్కడైనా దొరుకుద్దాండి?" అంది గుమ్మంలోనే నిలబడి.

"లోపలికి రావమ్మా, చెప్పులతోనే రా. దానికి మన దగ్గర పుస్తకమే ఉంది!"

ఆయన నా దుమ్ము దులిపిన చప్పుడుకు పేపరు చదివేవాళ్ళంతా తలెత్తారు. నవల మొహం చూడాలి మీరు!

సభ్యత్వానికి పూచీ సంతకం కావాలి. యార్డు యజమాని పెట్టనన్నాడట. అవతారం గారు తన సంతకమే పెట్టేశారు. అంతటితో ఊరుకోలేదు. ఆదివారం పేపరు కోసం వచ్చే ఆడపిల్లల హాస్టలు వార్డెను జ్ఞానసుందరి గారికి ఆమెను చూపించి, "మీ పిల్లల ఉతుకులకు సబ్బు మన ఊళ్ళోనే తయారవుతుందండీ" అన్నారు.

"ముందు పది బిళ్ళలు తెమ్మనండి. బావుంటే ఏడాదంతా ఆవిడవే. తేడా వచ్చిందా, మళ్ళీ నా గుమ్మం ఎక్కొద్దు," అంది ఆవిడ పేపరు దించకుండానే.

అంతా బాగుంది. కానీ కార్డు మీద రెండు పుస్తకాలు ఇస్తారు. చంద్రకాంతం రెండోది ఏం తీసుకుంది? దాన్నే. మంచాన ఉన్నాయనకు పొద్దు పోవాలి కదా అని.

వాళ్ళింట్లో నన్ను గూట్లో పెట్టి, నవలను మంచం మీద పెట్టారు. సాయంత్రం దీపం పెట్టాక ఆమె కూడా మంచం పట్టె మీద కూర్చుని, "ఆ పిల్ల చివరికి ఆడికి దక్కుద్దాండీ?" అని మొగుణ్ణి అడిగేది. నేను గూట్లోంచి చూస్తూ మండిపోయేవాణ్ణి. సరే, మీరు దాన్నే చూసుకోండి అనుకున్నాను. మర్నాడు నన్ను తెరిచినప్పుడు ఆ అతుకుల మడతను ఇంకాస్త బిగించాను. కాగితం బిగుసుకుంటుందా అంటారేమో. అసూయ పడిన కాగితాన్ని మీరెప్పుడూ పట్టుకోలేదన్నమాట.

ఆమె ఆ మడత చింపలేదు. గ్రంథాలయం గోడ మీద పెద్ద అక్షరాల బోర్డుంది: పుటలు చింపువారు శిక్షార్హులు. తను చింపితే సంతకం పెట్టినాయన మీదికి వస్తుందని ఆమె భయం. నన్ను తలకిందులు చేసి, ఒక కన్ను మూసి, నూతిలోకి చూసినట్టు కింది నోట్లోంచి తొంగి చూసింది. నూనెల పేర్లన్నీ కుట్టు దగ్గరి చీకట్లో ఉన్నాయి. అడుగు వరుసలో ఒక్క అంకె మాత్రం కనబడింది. అది ఆముదం కొలత. కొబ్బరినూనెకు ఆ సోడా ఎక్కడ సరిపోతుంది? కాదమ్మా అని నోరు తెరిచి చెప్పొచ్చు. అలకలో ఉన్నాను. చెప్పలేదు.

బిళ్ళలు మెత్తగా, నూనె కక్కుతూ వచ్చాయి. కొత్త సబ్బు అలాగే ఉంటుందేమో అనుకుని, నెల ఆరబెట్టి, పదీ హాస్టలుకు ఇచ్చొచ్చింది.

తర్వాతి ఆదివారం జ్ఞానసుందరి గారు ఒక తెల్ల యూనిఫాం తెచ్చి గ్రంథాలయం బల్ల మీద పరిచింది. దాని నిండా జిడ్డు మరకలు.

"ఏవండీ అవతారం గారూ, ఇది సబ్బాండీ, గారెల పిండాండీ? పది జతలు ఇలా తగలడ్డాయి. ఇహ ఆవిణ్ణి రావద్దనండి."

మా గడువు పొడిగించుకోవడానికి మమ్మల్నిద్దర్నీ తెచ్చిన చంద్రకాంతం మూల నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దగ్గు ఆపుకుంటోందో ఏడుపు ఆపుకుంటోందో తెలియలేదు. మళ్ళీ ఆ పీచు దుమ్ములోకే వెళ్ళాలి. వాళ్ళు రానిస్తేనే అనుకోండి. అప్పుడు మాత్రం నా కడుపులో మంట కాస్త చల్లారింది. ఆ స్థానంలో ఇంకేదో రగిలింది. దాన్ని సిగ్గంటారని తర్వాత తెలిసింది.

అవతారం గారు నన్ను అందుకుని ఒక్కొక్క పేజీ తిప్పారు. మడత దగ్గర ఆగారు.

"ఇదేంటి చంద్రకాంతం, ఇది విప్పనే లేదు?"

"సింపితే మీ మీదకొత్తాదని ఇప్పలేదండి. కిందనించి సూశానండి."

ఆయన నన్ను బల్ల మీద పరిచారు. చీపురులోంచి గట్టి ఈనె ఒకటి లాగి, మడతలో దూర్చి, సర్రున లాగారు. పక్కా తెగింది, పైనా తెగింది. పుట్టిన పదిహేనేళ్ళకు నా కడుపులోకి వెలుతురు వచ్చింది. నేను బిగించలేదు. సాక్షాత్తూ నవలే చూసింది, కావాలంటే అడగండి.

"ఆ బోర్డు రాయించింది నేనేనమ్మా. బుద్ధి లేక," అని ఆయన పట్టిక గట్టిగా చదివారు. ఆమె ఒక్కో మాటా రెండుసార్లు చెప్పించుకుంది.

కొత్త బిళ్ళలు పోసి ఆరబెట్టి, నెల దాటాక ఆమె వాటినీ నన్నూ సంచీలో వేసుకుని నేరుగా హాస్టలుకు నడిచింది. ఈసారి నవల రాలేదు. నేనొక్కణ్ణే.

"వార్డెనమ్మ గారండీ, నన్ను గుమ్మం ఎక్కొద్దన్నారు. ఎక్కనండి. నేను పాడుసేసిన ఆ పది జతలూ ఇలా బయటికి పడెయ్యండి, కుళాయి కాడ ఉతికిచ్చేసి ఎల్లిపోతాను."

జ్ఞానసుందరి గారు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది. మొదటి జతకు నురగ లేచింది. మూడో జతకు హాస్టలు పిల్లలు చుట్టూ చేరారు. పదో జతకు కుళాయి దగ్గర లేచిన నురగ పిట్టగోడ దాటి, రోడ్డు మీద పోతున్న ఆర్టీసీ బస్సును ఆపేసింది. కాస్త ఎక్కువ చెప్పానేమో. బస్సు ఆగలేదు, నెమ్మదించింది.

ఆవిడ ఆరిన చొక్కా ఒకటి ఎండకు పట్టి చూసింది, వాసన చూసింది. "వచ్చే నెలకు ఎన్ని బిళ్ళలు ఇవ్వగలవు?" అంది. చంద్రకాంతం గుమ్మం ఎక్కింది.

ఆ కబురు పాకింది. ఫినాయిలు చేస్తానని ఒకరు, కాళ్ళు తుడుచుకునే పీచు పట్టాలు నేస్తానని ఒకరు, మా పనికీ పుస్తకం ఉందాండీ అని వచ్చారు. అవతారం గారు జిల్లా కేంద్రానికి రాసి ఒక అరకు సరిపడా తెప్పించారు. చిన్న పరిశ్రమగా పేరు నమోదు చేయించుకునే దరఖాస్తులు కంప్యూటరులో తనే నింపి పెట్టారు. బిళ్ళల మీద చుట్టే కాగితానికి చంద్రకాంతం పేరు ఆ బల్ల దగ్గరే కూర్చుని రాశారు. గోడ మీది బోర్డు తీసేసి, "అర్థం కానిది అడగండి" అని రాయించారు.

నాకేమయిందంటారా? గొప్ప గౌరవం జరిగింది. అరిగిపోతున్నానని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. నా ఒంటి మీద "బయటికి ఇవ్వబడదు" అని ఎర్ర ముద్ర. అందరూ నన్ను అక్కడే కూర్చుని చదువుకోవాలి. చంద్రకాంతానికి ఆ అవసరం కూడా లేదు, నేనంతా ఆమెకు కంఠతా వచ్చు.

కానీ ఆమె ఇప్పటికీ ప్రతి శనివారం వస్తుంది. మొగుడు చేతికర్ర పట్టుకుని నడుస్తున్నాడట. అయినా చదువు రుచి వదల్లేదట. "ఆ ఎర్రంచుదే మళ్ళీ ఓసారి ఇయ్యండి, ఆ పిల్ల సంగతి మర్సిపోయాడంట," అని దాన్ని చంకన పెట్టుకుని పోతుంది.

వారానికి అది తిరిగొచ్చి ఎదుటి అరలో కూర్చుంటుంది. పసుపు మరకలు లేవిప్పుడు. గదంతా దాని కమ్మని వాసన, అద్దం సందుల్లోంచి నాదాకా వస్తుంది. పేపరు చదివే జ్ఞానసుందరి గారు కూడా దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, "ఎంత బావుందండీ ఈ పుస్తకం!" అంటుంది.

అది నా సబ్బు వాసనండీ! నాది!